కారని చీము

పొద్దున గంప ఎత్తగానే మిగతా కోళ్లన్నీ నూకల మీద పడతాయి. ఒక పెట్ట మాత్రం ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు ఈకల్లోకి ముడుచుకుని చూస్తూంటుంది. పట్టుకుని కాలు తిప్పి చూస్తే అరికాలి మధ్యలో శనగగింజంత నల్లటి పక్కు, చుట్టూ ఉబ్బిన చర్మం. ముల్లు దిగిందేమోనని సూదితో కెలికితే ముల్లూ దొరకదు, నొక్కితే చీమూ రాదు. పసుపు నూనెలో కలిపి పూస్తే నాలుగు రోజులకు పక్కు రాలుతుంది. వాపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంకో పది రోజులకు అదే చోట కొత్త పక్కు కడుతుంది.

మనిషికి గడ్డ లేస్తే పండుతుంది, పగులుతుంది, చీము కారిపోతుంది, మానుతుంది. కోడికి ఈ వరస కుదరదు. నెలల తరబడి ఆ గడ్డ అలాగే ఉండి, పట్టించుకోకపోతే లోపల్లోపల ఎముక దాకా పోతుంది. మనుషుల గడ్డలకు పనికొచ్చే చిట్కాలు ఇక్కడ పారకపోవడానికి కారణం సగం కోడి రక్తంలో ఉంది, సగం అది నిలబడే నేలలో ఉంది. ముందు నేల సంగతి చూద్దాం.

ఎగిరే పక్షికి అరుదు, నిలబడే పక్షికి మామూలు

ఇంగ్లిషులో ఈ జబ్బును బంబుల్‌ఫుట్ అంటారు. ఇది కోళ్లకే పరిమితం కాదు. వేటకు పెంచే డేగలకు వస్తుంది. జంతుప్రదర్శనశాలల్లో పెంగ్విన్లకు, రాజహంసలకు వస్తుంది. ఇంట్లో పెంచే బాతులకూ వస్తుంది. స్వేచ్ఛగా తిరిగే పక్షుల్లో మాత్రం చాలా అరుదు. అడవిలో డేగ ఒకేచోట ఉండిపోదు, ఎగురుతూ తిరుగుతుంది. వాలినా రోజుకో కొమ్మ, పూటకో రాయి. కట్టేసి పెంచే డేగ అదే దిమ్మ మీద గంటల తరబడి నిలబడుతుంది. సముద్రంలో ఈదాల్సిన పెంగ్విన్ సిమెంటు గట్టు మీద రోజంతా నిలబడుతుంది. మేడ మీద నాలుగు పెట్టలను పెంచుకునే ఇంట్లోనూ జరిగేది అదే: శుభ్రంగా కడిగిన గచ్చు, దాని మీద పొద్దస్తమానం అదే అడుగు.

శుభ్రం బాగానే ఉంది, జబ్బెందుకు వచ్చిందని చాలామంది అడుగుతారు. ఇక్కడ మురికి రెండో మెట్టు. మొదటి మెట్టు ఒత్తిడి.

కోడి కాలి నిర్మాణం చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలిని కదిలించే కండరాలన్నీ పైన, తొడలోనూ పిక్కలోనూ ఉంటాయి. అక్కణ్నుంచి కిందికి దిగేవి సన్నటి స్నాయువులే. అందుకే పిక్క కింద కోడికాలు పుల్లలా కనిపిస్తుంది, కూర వండితే అక్కడ కండ దొరకదు. పాదంలో వేళ్లన్నీ కలిసే చోట ఒక మెత్త ఉంటుంది. పైన గరుకైన చర్మం, దాని కింద కాస్త కొవ్వు, ఆ కింద స్నాయువులు, వాటిని అంటుకుని ఎముక. కండ లేని చోట రక్తం కూడా తక్కువే పారుతుంది. ఆ కాస్త జాగా మీద కోడి బరువంతా ఆనుతుంది.

మట్టి మీద నడిచే కోడికి నేల ఒక్కో అడుగుకు ఒక్కో రకంగా తగులుతుంది. గడ్డి, ఇసుక, పేడకుప్ప, ఆకులు అన్నీ కాళ్ల కింద నలుగుతాయి కనుక ఒత్తిడి ఒక్కచోటే పడదు. గచ్చు నలగదు. ఇనుప జాలీ అయితే మరీ అన్యాయం, బరువంతా నాలుగు తీగల మీద పడుతుంది. ఒత్తిడి పడినంతసేపు అక్కడి సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోయి ఉంటాయి. మంచాన పడ్డ మనిషికి నడుము దగ్గర పుండ్లు పడేదీ ఇందుకే. కోడి అరికాలిలో ముందు గరుకుదనం పోతుంది. చర్మం నున్నగా, ఎర్రగా మెరుస్తుంది. తర్వాత దాన్ని కాపాడుకోవడానికి శరీరం అక్కడ ఆనెకాయ కట్టిస్తుంది. ఆనె గట్టిది, సాగదు. కోడి ఎత్తు మీంచి దూకినప్పుడు అది పగులుతుంది.

బరువైన కోళ్లకు ఈ బాధ ఎక్కువ. పందేల కోసం పెంచే అసీల్ పుంజు నాలుగు కిలోలు దాటుతుంది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా కూడా మామూలు నాటుకోడి కంటే బాగా బరువు తూగుతుంది. రెక్కలు ఆ బరువును మోయలేవు. ఐదడుగుల గోడ మీంచి దూకినప్పుడు నాటుపెట్ట రెక్కలు కొట్టుకుంటూ దిగితే, ఇవి దబ్బున పడతాయి.

తిండి పాత్ర కూడా ఉంది. నూకలు, మిగిలిన అన్నం మాత్రమే తినే కోడికి విటమిన్ ఎ దాదాపు అందదు, తెల్లబియ్యంలో అది లేదు. ఆ విటమిన్ తగ్గితే చర్మం మందంగా, పెళుసుగా మారుతుంది. బయోటిన్ అనే మరో విటమిన్ లోపిస్తే అరికాళ్లు పగుళ్లిస్తాయి. పెరట్లో తిరిగి ఆకూ పురుగూ ఏరుకునే కోడికి ఈ లోటు ఉండదు. గూట్లో ఉంచి పెంచేవాళ్లు తోటకూర, మునగాకు, పచ్చజొన్నలు వేస్తే సరిపోతుంది.

పగులులోంచి లోపలికి

పగులు పడ్డాక లోపలికి దిగేవాటిలో ముఖ్యమైనది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. దీన్ని ఎక్కణ్నుంచో తెచ్చుకోనక్కర్లేదు. కోడి చర్మం మీద ఉంటుంది, మన ముక్కులో ఉంటుంది, చేతుల మీద ఉంటుంది. 1880లో స్కాట్లండ్‌లోని అబర్డీన్ ఊరి సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్, ఒక యువకుడి కాలి గడ్డలోంచి తీసిన చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి గుత్తులు గుత్తులుగా కనిపించిన ఈ గుండ్రటి క్రిములను గుర్తించాడు. ఈ క్రిమి సైన్సుకు తెలిసిందే కాలి చీము వల్లనన్నమాట. కోళ్ల రెట్టలో ఉండే ఈ-కోలై లాంటివి కూడా దీనికి తోడవుతాయి.

స్టెఫైలోకాకస్‌కు ఒక పాడు నేర్పు ఉంది. రక్తం గడ్డకట్టడానికి శరీరం వాడుకునే ప్రోటీన్‌నే అది తన చుట్టూ వలలా అల్లించుకుంటుంది. రక్షక కణాలు వచ్చేసరికి ఆ వల వెనక దాక్కుని ఉంటుంది. శరీరం ఊరుకోదు, సైన్యాన్ని పంపుతుంది. మనిషికీ కోడికీ దారులు విడిపోయేది ఇక్కడే.

గట్టిపడే చీము

మన రక్తంలో ముందుగా గాయం దగ్గరికి పరిగెత్తే తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ అంటారు. అవి క్రిములను మింగుతాయి, లోపల ఉన్న రసాయనాలతో చంపుతాయి, తామూ చస్తాయి. చచ్చేటప్పుడు వదిలే ఎంజైములు చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించి నీరు చేస్తాయి. ఆ నీరే చీము. మన చీముకు ఒక్కోసారి పచ్చటి ఛాయ వస్తుందే, అది ఆ కణాల్లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము రంగు.

కోడికి న్యూట్రోఫిల్స్ లేవు. వాటి స్థానంలో హెటెరోఫిల్స్ ఉంటాయి. పని దాదాపు ఒకటే, సరంజామా వేరు. హెటెరోఫిల్స్‌లో మైలోపెరాక్సిడేజ్ లేదు. అవి క్రిముల పొరలకు చిల్లులు పొడిచే చిన్న ప్రోటీన్ల మీద ఎక్కువ ఆధారపడతాయి. చంపడంలో అవేమీ తీసిపోవు. చచ్చిన తర్వాతే తేడా. హెటెరోఫిల్స్ శవాలు కరగవు, నీరు కావు. ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ ఎండుతూ పోతాయి. అందుకే కోడి గడ్డను కోస్తే లోపల ద్రవం ఉండదు. పసుపు తిరిగిన తెలుపులో, ఎండిన జున్నులా పొరలు పొరలుగా విరిగే ముద్ద ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది.

ఆ ముద్ద చుట్టూ శరీరం గోడ కడుతుంది. పెద్ద పెద్ద కణాలు ముందు చేరతాయి, వాటి వెనక పీచు లాంటి కణజాలం పెరుగుతుంది. క్రిమిని రక్తంలోకి పోనీకుండా బంధించడమే దీని ఉద్దేశం. కోడి నెలల పాటు కుంటుతూనే గింజలు తింటూ, గుడ్లు పెడుతూ బతికేస్తుందంటే ఈ గోడ చలవే. కానీ గోడ రెండు వైపులా గోడే. లోపలి క్రిమి బయటికి రాలేనట్టే బయటి మందు లోపలికి పోలేదు.

ఇప్పుడు ఆ నల్లటి పక్కు ఏమిటో తెలుస్తుంది. అది గాయం మాని కట్టిన పక్కు కాదు. లోపలి ముద్ద పైకి వచ్చి, ఎండి, మట్టీ రెట్టా అంటి నల్లబడిన కొన. పక్కును పీకితే కొన పోతుంది, మొదలు ఉంటుంది. నొక్కితే ఏమీ రాదు సరికదా, ముద్ద పక్కనున్న స్నాయువుల సందుల్లోకి జరిగే ప్రమాదం ఉంది. ఆ సందులు కాలి పొడవునా ఉంటాయి. వాటి వెంట జబ్బు కీళ్లకు ఎక్కుతుంది.

బాక్స్: కుంటే ప్రతి కోడికీ ఇదేనా?

కాదు. అరికాలు చూడకుండా వైద్యం మొదలుపెట్టకూడదు. కాలి పొలుసులు పైకి లేచి, సున్నం పట్టినట్టు గరుకుగా ఉంటే అది పొలుసుల కింద కాపురం పెట్టే సన్నటి పురుగుల పని. ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ చాచి పడిపోతే, అరికాలిలో వాపు లేకపోతే, మారెక్స్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. దాని టీకా పిల్ల పుట్టిన రోజే వేస్తారు, తర్వాత వేసి లాభం లేదు. ఒకేసారి నాలుగైదు కోళ్లకు అరికాళ్లూ కీళ్లూ వాస్తే అది మైకోప్లాస్మా అనే అంటువ్యాధి కావచ్చు. కీళ్ల దగ్గర తెల్లటి సుద్దలాంటిది పేరుకుంటే మూత్రపిండాల జబ్బు. ఇవేమీ కాకుండా వేలికి తలవెంట్రుకో కుట్టుదారమో చుట్టుకుని బిగిసిన కోళ్లు కూడా ఉంటాయి, మేడ మీద పెంచే ఇళ్లలో మరీ. ఆ దారాన్ని కత్తిరిస్తే సరి.

కడక్‌నాథ్ పెంచేవాళ్లకు ఒక మాట. దాని కాళ్లే నలుపు కాబట్టి నల్లటి పక్కు కంటికి ఆనదు. బొటనవేలితో అరికాలు తడిమి చూడాలి. గట్టిగా, వేడిగా తగిలితే అనుమానించాలి.

మాత్ర ఎందుకు పనిచేయదు

కుంటే కోడికి మందుల షాపులో దొరికే ఏదో ఒక యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి తాగించడం మన దగ్గర మామూలు. రెండు రోజులకు వాపు కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది కూడా. ముద్ద చుట్టూ ఉన్న జీవకణాలకు మందు అందుతుంది కాబట్టి అక్కడి ఎర్రదనం తగ్గుతుంది. ముద్దలో రక్తనాళాలు లేవు. మందు రక్తంతో పాటు ప్రయాణిస్తుంది. రక్తం పోని చోటికి అదీ పోదు. గోడ దాటి లోపలికి చేరేది అరకొర. ఆ అరకొర మందులో బతికి బట్టకట్టిన క్రిములే మందుకు లొంగనివిగా తయారవుతాయి. ముద్ద తీయకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం డబ్బు దండగే కాదు, అదే క్రిమి ఎప్పుడైనా మన చేతికి అంటుకుంటే మనకూ చేటే.

పసుపు సంగతి కూడా ఇంతే. గోరులాంటి పదార్థంతో కట్టిన చర్మం మీద పూసిన పూత దాని కింద ఉన్న ముద్దను చేరదు. పసుపులో గుణం లేదని కాదు, దారి లేదు. అలాగే కిరోసిన్, బ్యాటరీ యాసిడ్ లాంటివి పోసేవాళ్లున్నారు. దానివల్ల ఆరోగ్యంగా ఉన్న చర్మం కాలి, పుండు పెద్దదవుతుంది.

వైద్యం మెట్టు మెట్టుగా

చర్మం ఎర్రగా మెరుస్తూ, పగులు లేకుండా ఉంటే నేల మార్చడమే వైద్యం. పొడి ఊక పరిచిన చోటికి మార్చి, తిండి సరిచేస్తే కొన్ని వారాల్లో గరుకు చర్మం మళ్లీ వస్తుంది. కత్తితో పనిలేదు.

చిన్న పక్కు కట్టి, కాస్త వాపు ఉన్నప్పుడు నానబెట్టడం మంచి మొదలు. మణికట్టు మీద పోసుకుంటే హాయిగా తగిలేంత వేడినీళ్లు తొట్టిలో పోసి, లీటరుకు రెండు పెద్ద చెంచాల భేది ఉప్పు కలిపి, పావుగంట సేపు కాలు ముంచి ఉంచాలి. భేది ఉప్పు చీమును లాగేస్తుందని చాలామంది నమ్మకం. నా లెక్కలో ఎక్కువ పని చేసేవి వేడినీళ్లే. అవి చర్మాన్ని మెత్తబరుస్తాయి, రక్తం పారేలా చేస్తాయి. కోడి ఆ నీళ్లు తాగకుండా చూడాలి, తాగితే విరేచనాలు పడతాయి. తర్వాత పొడిగా తుడిచి, పలచగా కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో కడిగి, గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోయకూడదు. అది బుసబుస పొంగడం చూడ్డానికి బాగుంటుంది కానీ కొత్తగా పుట్టే కణాలను కూడా చంపేస్తుంది.

కోడిని పట్టుకోవడంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పక్షులకు మనకున్నట్టు డయాఫ్రం లేదు. రొమ్ము ఎముక పైకీ కిందికీ కదిలితేనే వాటికి ఊపిరి. భయంతో పెనుగులాడుతోందని రొమ్మును గట్టిగా అదిమి పడితే చేతుల్లోనే ఊపిరాగి చనిపోతుంది. తువ్వాలుతో రెక్కలు వదులుగా చుట్టి, తల కప్పేస్తే చీకట్లో అదే సద్దుమణుగుతుంది.

అరికాలు ఉబ్బి, ముద్ద చేతికి గట్టిగా తగులుతుంటే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వంటగదిలో బ్లేడుతో చేసే శస్త్రచికిత్సల వీడియోలు బోలెడు తిరుగుతున్నాయి. వాటిని చూసి చేయిచేసుకోవద్దు. కోడి శరీరంలో ఉండే రక్తం దాని బరువులో ఏడెనిమిది శాతం. కిలోన్నర పెట్టకు అది సుమారు 110 మిల్లీలీటర్లు. మనకు లెక్కలోకి రానంత రక్తం పోయినా దానికి ప్రాణం మీదికి వస్తుంది. పైగా స్నాయువు ఎక్కడ మొదలై ముద్ద ఎక్కడ ముగుస్తుందో అలవాటు లేని కంటికి తెలియదు. తెగిన స్నాయువు అతకదు. ఆ వేలు జన్మలో ముడవలేదు. మత్తు లేకుండా కోయడం హింస. కోడి అరవకపోవచ్చు, నొప్పిని దాచుకోవడం వేటకు గురయ్యే జంతువులకు పుట్టుకతో వచ్చిన బుద్ధి.

డాక్టరు చేసేది ఇది. ముందు నానబెట్టి పక్కు మెత్తబరుస్తారు. మత్తు ఇస్తారు, చిన్న శరీరం కాబట్టి మోతాదు చాలా జాగ్రత్తగా లెక్కగడతారు. పక్కు చుట్టూ గుండ్రంగా కోసి పైకి లేపుతారు. అదృష్టం బాగుంటే దాని వెంటే ముద్ద మొత్తం మొదలంటా ఊడి వస్తుంది. చాలాసార్లు ముక్కలు ముక్కలుగా వస్తుంది, అప్పుడు చిన్న గరిటెలాంటి పరికరంతో గోకి గోకి తీస్తారు. మిగిలిన ముక్క మళ్లీ ముద్దకు విత్తనం కనుక గుంత అడుగున ఎర్రటి కణజాలం కనిపించేదాకా ఓపిక పట్టాలి. వీలుంటే ఆ ముక్కలో కొంత ల్యాబ్‌కు పంపి ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూస్తారు. అప్పుడు ఇచ్చే యాంటీబయాటిక్‌కు అర్థం ఉంటుంది, గోడా లేదు, ముద్దా లేదు.

నొప్పి మందుగా సాధారణంగా మెలాక్సికామ్ రాస్తారు. ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ మాత్రను విరిచి వేయకూడదు. రాబందులను తుడిచిపెట్టిన మందు అదే. దాన్ని వాడిన పశువుల కళేబరాలు తిని, మూత్రపిండాలు పాడై రాబందులు లక్షల్లో చచ్చాయి. 2006లో మన దేశం పశువులకు దాన్ని నిషేధించింది. కోడి మూత్రపిండాలకూ అది మంచిది కాదు.

ఆ తర్వాతి పని ఇంట్లోవాళ్లదే, నిజానికి సగం వైద్యం అక్కడే ఉంది. పుండు మీద బరువు పడకుండా మధ్యలో ఖాళీ వదిలి చుట్టలా చేసిన మెత్తటి గుడ్డ పెట్టి, వేళ్ల సందుల్లోంచి కట్టు తిప్పి కట్టాలి. గోళ్లు బయటికి కనిపించాలి. వేళ్లు వాచినా చల్లబడినా కట్టు బిగుసుకుందని అర్థం, వెంటనే విప్పాలి. రోజు విడిచి రోజు మార్చాలి. తడిసిన కట్టు ఒక్క పూట కూడా ఉండకూడదు. కోడిని ఎక్కడానికి ఏమీ లేని చిన్న గూట్లో, మందంగా ఊక పరిచి ఉంచాలి. పుండు అడుగు నుంచి పైకి పూడుకొస్తుంది, దానికి వారాలు పడుతుంది. ఈలోగా రెండో కాలు చూడడం మరవకూడదు. నొప్పి కాలిని ఎత్తుకుని కోడి బరువంతా మంచి కాలి మీద వేస్తుంది, కొన్నాళ్లకు దానికీ గడ్డ లేస్తుంది.

పశువుల ఆసుపత్రికి కోడిని తీసుకెళ్తే "కోసుకు తినెయ్యరాదూ" అనే సలహా కూడా వినాల్సి రావచ్చు. కోడి ఖరీదు కంటే వైద్యం ఖర్చు ఎక్కువన్న మాట అబద్ధం కాదు. పెంచుకున్న పెట్ట మీద మమకారం ఎవరిది వాళ్లది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి తెలుస్తుంది. ఎక్స్-రేలో ఎముక తినేసినట్టు తేలినా, కీళ్లన్నీ వాచి కోడి తిండి మానేసినా మాత్రం లాగి లాగి వైద్యం చేయించడం దానికి శిక్షే. నొప్పి లేకుండా దాని ప్రాణం తీయమని డాక్టరును అడగడంలో తప్పు లేదు.

గుడ్లు, చేతులు

యాంటీబయాటిక్ తీసుకుంటున్న కోడి గుడ్డులో ఆ మందు ఉంటుంది. పచ్చసొన కొన్ని రోజుల పాటు కోడి కడుపులో పెరుగుతుంది కాబట్టి మందు ఆపిన మర్నాటి గుడ్డు కూడా పనికిరాదు. ఎన్నాళ్లు ఆగాలన్నది మందును బట్టి మారుతుంది. డాక్టరును అడిగి చీటీ మీద రాయించుకోవాలి. ఆ లోపు గుడ్లు పారబోయాలి, కోడిని కోయకూడదు.

పుండును ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. స్టెఫైలోకాకస్ ఆహారంలో పడి పెరిగితే వదిలే విషం ఉడికించినా పోదు. క్రిమి చస్తుంది, విషం మిగులుతుంది. కోడి కాలు నానబెట్టిన తొట్టిని వంటింట్లోకి తేవద్దు.

మనమే అంటించాం

కోళ్ల నుంచి మనకు జబ్బులు వస్తాయని విని విని అలవాటైపోయింది. ఈ క్రిమి కథ తిరగబడి నడిచింది. 2009లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు వేర్వేరు దేశాల బ్రాయిలర్ కోళ్ల నుంచి తీసిన స్టెఫైలోకాకస్ ఆరియస్ జన్యువులను పోల్చి చూశారు. వాటిలో ఎక్కువ భాగం ఒకే మూలం నుంచి వచ్చాయని, ఆ మూలం మనుషుల్లో ఉండే రకమని తేలింది. వాళ్ల అంచనా ప్రకారం ఆ క్రిమి మనిషి నుంచి కోడికి దూకింది అప్పటికి సుమారు 38 ఏళ్ల కిందట. దానికి దగ్గరి చుట్టం పోలండ్ మనుషుల్లో దొరికింది. ప్రపంచమంతటి బ్రాయిలర్లకు మూలమైన జాతి పక్షులు కొద్ది కంపెనీల నుంచే సరఫరా అవుతాయి. ఒక్కసారి అక్కడ చేరిన క్రిమికి దేశదేశాలకు టిక్కెట్టు దొరికినట్టే.

కోడిలో చేరాక ఆ క్రిమి మారింది. మనిషికి జబ్బు చేయడానికి పనికొచ్చే కొన్ని జన్యువులను వదిలేసింది, పక్షుల్లో తిరిగే ఇతర క్రిముల నుంచి కొత్తవి అందిపుచ్చుకుంది. ఈ సరుకు మార్పిడి తర్వాత కోడి హెటెరోఫిల్స్ దాన్ని మునుపంత తేలిగ్గా చంపలేకపోయాయి. ఇది ఫారం బ్రాయిలర్ల కథ. అయినా పెరటి కోడి పుండు కడిగేటప్పుడు ముక్కు తుడుచుకున్న చేత్తో కట్టు కట్టకూడదని ఎందుకంటారో దీన్ని బట్టి తెలుస్తుంది.

కర్రా, ఊకా

ముద్ద తీసి, పుండు మాని, కోడిని తిరిగి అదే గచ్చు మీద వదిలితే ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తుంది. గూట్లో చూడాల్సినవి పెద్ద ఖర్చువి కావు.

రాత్రంతా కోడి అరికాళ్లు ఆనించి పడుకునే కర్ర మొదట చూడాలి. సన్నటి ఇనుప గొట్టం, పదునైన అంచుల రీపు, పగిలి పీచులేచిన వెదురు పనికిరావు. రెండంగుళాల వెడల్పు చెక్క, పై అంచులు గుండ్రంగా చెక్కింది బాగుంటుంది. బరువైన కోళ్లకు అడుగున్నర ఎత్తు చాలు. కోళ్లకు ఎంత ఎత్తైతే అంత ఇష్టం కాబట్టి గూట్లో ఎత్తైన గట్లు ఇంకేవైనా ఉంటే వాటినీ తీసేయాలి, లేదా దిగడానికి ఏటవాలు పలక పెట్టాలి. కర్ర మీద రెట్ట పేరుకుంటే అరికాలు రాత్రంతా తడిలో నానుతుంది. వారానికోసారి గీకేయాలి.

కింద వరి ఊక రెండు మూడంగుళాల మందాన పరిస్తే గచ్చు గట్టితనం పోతుంది. తడవకుండా ఉంటేనే దానికి విలువ. తడిసిన ఊకలో రెట్ట పులిసి అమ్మోనియా పుడుతుంది, అది చర్మాన్ని తినేస్తుంది. గూట్లో వంగితే కళ్లు మండుతున్నాయంటే కోడి అరికాళ్లు అప్పటికే మండుతున్నాయన్నమాట. నీళ్ల తొట్టి చుట్టూ ఎప్పుడూ తడిగానే ఉంటుంది కనుక దాన్ని ఇటుకల మీద పెట్టి, కింద ఇసుక పోయాలి. వానాకాలంలో ఊకను రెండు రోజులకోసారి తిరగేయాలి.

పెరట్లో తుమ్మ, రేగు కొమ్మలు కంచెకు వాడేవాళ్లు రాలిన ముళ్లు ఏరించాలి. మేకులు, గాజుపెంకులు, కత్తిరించి పడేసిన జాలీ ముక్కలు కోళ్లు తిరిగే చోట ఉండకూడదు.

ఇక ఒకదానికి గడ్డ కనిపించిందంటే మందలో మిగతావాటి కాళ్లు కూడా చూడాలి, అన్నీ నిలబడింది ఒకే నేల మీద. పగలు వెంటబడి పట్టుకోనక్కర్లేదు. పొద్దుగూకి అన్నీ కర్ర ఎక్కాక, టార్చి పట్టుకుని ఒక్కొక్కదాన్నీ ఒళ్లోకి తీసుకుంటే నిద్రమత్తులో గొడవ చేయవు. అరికాలు తుడిచి, బొటనవేలితో మధ్యలో నొక్కి చూసి, మళ్లీ కర్ర ఎక్కించేయవచ్చు.